నెట్ సెంటర్ డెస్క్‌టాప్ మీద మన ఆధార్

పోస్టు కొంచెం పెద్దదే. హాస్టల్లో రాత్రి హాజరు అయిపోయాక తీరిగ్గా చదవండి. చదివి తిట్టినా పర్లేదు.

స్కాలర్‌షిప్ పెండింగ్ లిస్టు అని మన గ్రూపులో ఒక పీడీఎఫ్ వచ్చింది, గుర్తుందా? అందరం ఆత్రంగా తెరిచి మన పేరుందా లేదా అని చూసుకున్నాం. పేరు పక్కన తండ్రి పేరు, ఊరు, తెగ, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు అన్నీ వరసగా ఉన్నాయి. అవన్నీ ఎందుకున్నాయని ఒక్కరం కూడా అడగలేదు. అడగకపోగా ఊరి గ్రూపులకి, బంధువుల గ్రూపులకి మనమే పంపించాం. పది రోజులు తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. "మీ స్కాలర్‌షిప్ ఆగింది, ఓటీపీ చెప్పండి" అని ఒకడు. వాడు మన పేరు, నాన్న పేరు, ఖాతా నంబరులో చివరి అంకెలు కూడా చెప్తుంటే ఆఫీసు వాళ్ళే అనుకుంటాం కదా. మా గదిలో ఒక తమ్ముడు అట్టాగే అనుకుని మెస్‌కి కట్టాల్సిన డబ్బు పోగొట్టుకున్నాడు. గర్ల్స్ హాస్టల్ చెల్లెళ్ళకి ఇంకో రకం ఫోన్లు. ఒక చెల్లి వాళ్ళ నాన్న, ముక్కూమొహం తెలియని వాళ్ళు ఫోన్ చేస్తున్నారని ఫోనే తీసేసుకున్నాడు. ఆన్‌లైన్ క్లాసు నోట్సు కోసం ఇప్పుడా అమ్మాయి పక్కమ్మాయిని బతిమాలుకుంటోంది.

దీని గురించి మాట్లాడదామంటే మనవాళ్ళే అన్నారు, "మన దగ్గర ఏముందిరా దాచుకోవడానికి? ప్రైవసీ అంటే డబ్బున్నోళ్ళ గోల" అని. ఆ మాటకి జవాబు చెప్దామనే ఈ పోస్టు.

ముందు నెట్ సెంటర్ సంగతి. లాప్‌టాప్ ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లలకి మొదటి కంప్యూటర్ వాళ్ళ నాన్నది. మనకి మొదటి కంప్యూటర్ జిరాక్స్ షాపులో ఉండేది. ఎంసెట్ ఫారం, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, ఫీజు రీయింబర్స్‌మెంట్ అన్నీ అక్కడే. షాపతను మంచోడే, పది రూపాయలు తక్కువైతే రేపివ్వమంటాడు. కానీ ఆ కంప్యూటర్ స్క్రీన్ ఎప్పుడైనా చూశారా? డెస్క్‌టాప్ నిండా మన ఆధార్‌లే. ఎవరివో మార్కుల మెమోలు, ఎవరివో పాస్‌బుక్ మొదటి పేజీలు. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారేమో. ఆ పాస్‌వర్డ్ ఏంటి? మన పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, తర్వాత పుట్టిన సంవత్సరం. పేరు, ఏడాది తెలిస్తే చాలు, తాళంచెవి గుమ్మానికి వేలాడేసినట్టే. పైగా మన మెయిల్ ఐడీ కూడా అతనే క్రియేట్ చేస్తాడు, పాస్‌వర్డ్ అతనే పెడతాడు, ఒక కాగితం మీద రాసిస్తాడు. డిగ్రీ రెండో ఏడాదికి వచ్చినా ఆ పాస్‌వర్డ్ మార్చుకోనివాళ్ళు మాలోనే సగం మంది ఉన్నారు. రాస్తున్నవాళ్ళని కూడా కలుపుకునే ఆ సగం.

ఇక పెద్ద సంగతి, వేలిముద్ర. ఈ జిల్లాల్లో పుట్టిన ఎరుకల పిల్లలకి దీని గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. 1871 నాటి నేరస్త తెగల చట్టాన్ని 1911లో మార్చి దేశమంతా వర్తింపజేశారు. ఒక తెగలో పుట్టడమే నేరం. పేరు రిజిస్టర్‌లో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, పూటపూటా హాజరు వేసి, ఊరు దాటాలంటే పాస్ తీసుకోవాల్సిన రోజులవి. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న స్టూవర్టుపురం అట్టా పుట్టిన ఊరే. ఎరుకల కుటుంబాలని తెచ్చి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. యానాదుల్లోనూ ఆ చట్టం కింద నలిగినవాళ్ళున్నారు. దేశమంతటా ఆ చట్టం పూర్తిగా పోయింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయినా ఊరి పేరు చెప్తే ఇల్లు అద్దెకివ్వని రోజులు మన పెద్దవాళ్ళు చూశారు. అంటే మన తెగ, మన ఊరు, మన వేలిముద్ర ఒకే కాగితం మీద ఉంటే ఏమవుతుందో ఈ దేశంలో మనకంటే ముందు తెలిసినవాళ్ళు తక్కువ. అట్టాంటి మనం "దాచుకోవడానికి ఏముంది" అంటున్నాం!

ఆ కాలం వేరు, ఈ కాలం వేరు అనొచ్చు. వేరే, ఒప్పుకుంటాం. ఇప్పుడు వేలిముద్రతో బియ్యం వస్తాయి, డబ్బు వస్తుంది. కానీ 2018లో పెద్దపల్లి జిల్లాలో ఏం జరిగిందో చూడండి. సిమ్ కార్డులు అమ్మే ఒకతను రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజుల నుంచి జనం వేలిముద్రలు తీసుకుని, వాటిని రబ్బరు స్టాంపుల్లాగా తయారుచేసి, ఆ ముద్రలతో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు పట్టుకున్నారు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. వేలు ఎట్టా మార్చుకుంటాం? ఇంకో పక్క మన అమ్మల సంగతి. జనవరి నుంచి మిరపకోతలకి పోయి, కాయలు కోసి కోసి వేళ్ళు అరిగిపోతే రేషన్ మిషన్ మీద ముద్ర పడదు. గుంటూరు యార్డుకి వెళ్ళే టిక్కీ టిక్కీలో ఆ వేలి గీతలు కొన్ని ఉంటాయి. దొంగకి దొరికిన ముద్ర అసలు మనిషికి పనిచెయ్యకపోవడం, ఇదీ మన పరిస్థితి. బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి అని యూట్యూబ్‌లో చెప్తారు. మంచిదే, చదువుకునే మనం పెట్టుకోవచ్చు. కానీ నెలనెలా రేషన్‌కి వేలు పెట్టాల్సిన అమ్మకి లాక్ వేస్తే బియ్యం తెచ్చుకునే ముందు తియ్యాలి, మళ్ళీ వెయ్యాలి. అది తెలిసినవాళ్ళు ఇంట్లో ఉండాలి. ఉన్న ఒక్కరూ హాస్టల్లో ఉంటారు.

లీకులు దొంగల వల్లే అవుతాయనుకోవద్దు. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ వాళ్ళు ఒక రిపోర్టు ఇచ్చారు. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ళ నుంచి దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి కనిపిస్తున్నాయని లెక్కగట్టారు. ఆ నాలుగులో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వే, ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఇంకోటి చంద్రన్న బీమాది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్ర హౌసింగ్ కార్పొరేషన్ సైట్‌లో 1.34 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి. ఆధార్, బ్యాంకు ఖాతాతో పాటు కులం, మతం కూడా. దాన్ని బయటపెట్టింది హైదరాబాద్ పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి. ఉపాధి హామీ, పక్కా ఇల్లు, బీమా, ఈ లిస్టుల్లో ఎవరుంటారు? బంజారాహిల్స్ వాళ్ళుంటారా? ఎక్కువ పథకాలు తీసుకునేవాళ్ళు ఎక్కువ లిస్టుల్లో ఉంటారు. ఎక్కువ లిస్టుల్లో ఉన్నవాళ్ళ వివరాలే ముందు బయటికి పోతాయి. ప్రైవసీ డబ్బున్నోళ్ళ గోల అనే మాట ఇక్కడే తప్పయిపోతుంది.

సుప్రీంకోర్టులో కూడా ఇదే వాదన వచ్చింది తెలుసా? పేదలకి కావాల్సింది తిండి, ఇల్లు, వాళ్ళకి ఈ హక్కులెందుకు అని. రిటైరైన కర్ణాటక హైకోర్టు జడ్జి పుట్టస్వామి గారు వేసిన కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. పేదలకి ఆర్థిక బాగు ఒక్కటే చాలన్న వాదనని తీర్పు ఒప్పుకోలేదు. 2018 సెప్టెంబర్ 26 తీర్పులో స్కూలు అడ్మిషన్‌కి ఆధార్ తప్పనిసరి చెయ్యకూడదన్నారు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది. అయితే పథకాలు, రాయితీలు, సర్టిఫికెట్లు ఇచ్చేటప్పుడు మన వివరాలు వాడుకోవడానికి ప్రభుత్వానికి ఆ చట్టంలో విడిగా వెసులుబాటు ఉంది. అంటే మనకి ఎక్కడ ఎక్కువ పని పడుతుందో అక్కడే మన అనుమతి అవసరం తక్కువ.

వాట్సాప్‌లో 'మన మిత్ర' గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయంలో మాలో మాకే గొడవ. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైంది. కొందరు వద్దే వద్దంటారు, అమెరికా కంపెనీ చేతికి మన ఫైళ్ళు ఇవ్వడమేంటని. మా లెక్క వేరే. నల్లమల అంచున ఉన్న చెంచు గూడెం నుంచి ఒక కాగితం కోసం మండలానికి రెండుసార్లు తిరగడం, నెట్ సెంటర్‌లో ఆధార్ వదిలి రావడం, వీటితో పోలిస్తే సొంత ఫోన్లో చేసుకోవడం మేలే. కానీ ఆ ఫోన్ నిజంగా సొంతమా? ఇంటికంతా ఒక్కటే ఫోన్, అదీ తమ్ముడి చేతిలో, దాంట్లో తెలిసీ తెలియక వేసిన యాప్‌లు ఇరవై. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు పడలేక మన రెండు రాష్ట్రాల్లో ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు. ఆ యాప్‌లు ఫోన్లో ఉన్న నంబర్లన్నీ లాక్కుని బంధువులందరికీ మెసేజ్‌లు పెట్టేవి. 2022లో రిజర్వ్ బ్యాంక్ లోన్ యాప్‌లు కాంటాక్ట్‌లు, ఫొటోలు, కాల్ వివరాలు చూడకూడదని చెప్పింది. చెప్పింది కదా అని మనం 'అలో' బటన్ నొక్కుతూ పోతే కుదరదు.

ఇప్పుడు లినక్స్. సీనియర్లు లినక్స్ పేరెత్తితే అదేదో తాయెత్తులాగా మాట్లాడతారు, కడితే చాలు అన్నీ పోతాయన్నట్టు. తెలియని తమ్ముళ్ళ కోసం, అది విండోస్ లాగా కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, కాకపోతే ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చు, లోపల కోడ్ చూడొచ్చు, మార్చుకోవచ్చు. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే స్టూడెంట్ మొదలుపెట్టాడు. అప్పుడతనికి 21 ఏళ్ళు, మాలో చాలామందికంటే ఒక్క ఏడాది పెద్ద. మన ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల నడిచేది కూడా లినక్సే. మరి జేబులో లినక్స్ పెట్టుకునే కదా ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్నాం. కాబట్టి లినక్స్ వేస్తే ప్రైవసీ వచ్చేస్తుందన్న మాట మేము నమ్మం.

అయినా మా హాస్టల్లో వేశాం. కారణం వేరే. స్టోర్ రూంలో బియ్యం బస్తాల పక్కన నాలుగు కంప్యూటర్లు దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాయి. విండోస్ 7, దాంట్లో వైరస్, పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లైపోయేవి. విండోస్ 10కి కూడా 2025 అక్టోబర్ 14తో ఉచిత సపోర్టు ఆగింది, కొత్తది వెయ్యాలంటే ఈ పాత మిషన్లు పనికిరావు. ఒక ఇంజనీరింగ్ అన్న పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ తెచ్చాడు, దాంట్లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన రకం. నాలుగులో మూడు లేచాయి. నాలుగోదానికి హార్డ్ డిస్కే లేదు, ఎవరు పట్టుకుపోయారో. ఇప్పుడు స్కాలర్‌షిప్ ఫారాలు నెట్ సెంటర్‌కి పోకుండా మేమే నింపుకుంటున్నాం. మా ఆధార్ ఎవరి డెస్క్‌టాప్ మీదా ఉండట్లేదు. లినక్స్ వల్ల మాకు వచ్చిన ప్రైవసీ ఇదీ, ఇంతే. ఇంతైనా మాకు చాలా పెద్దది.

ఇబ్బందులు లేవని చెప్పం. ప్రింటర్ రెండు రోజులు ఏడిపించింది. కాలేజీ ల్యాబ్‌లో ఎంఎస్ ఆఫీసే అడుగుతారు, ట్యాలీ అడుగుతారు, అవి విడిగా నేర్చుకోవాల్సిందే. సంఘం వినతిపత్రం డీటీపీ సెంటర్ వాళ్ళు అను ఫాంట్‌లో కొట్టిచ్చారు, మా దగ్గర తెరిస్తే పిచ్చి గీతలు. అది లినక్స్ తప్పు కాదు, ఆ ఫాంట్లు యూనికోడ్ కాకపోవడం తప్పు. ఆ వినతిపత్రాన్ని కూర్చుని యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేశాం. తెలుగులో మనకి ముందు నడిచినవాళ్ళున్నారు. స్వేచ్ఛ సంస్థ వాళ్ళు 2005 నుంచి తెలుగులో లినక్స్ తెస్తున్నారు. పక్కన కేరళ చూడండి, కైట్ సంస్థ ద్వారా 2 లక్షలకు పైగా బడి కంప్యూటర్లు లినక్స్ మీదే నడుస్తున్నాయి. మన దగ్గర? అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ కడుతున్నారు, 156 క్యూబిట్ల ఐబీఎం మిషన్ వస్తుందట. రానీయండి, సంతోషమే. దాంతోపాటు గిరిజన హాస్టళ్ళ స్టోర్ రూముల తలుపులు కూడా ఒకసారి తియ్యమని అడుగుదాం. అందులో ఉన్న డొక్కు మిషన్లకి కావాల్సింది పెన్‌డ్రైవ్, ఒక ఆదివారం.

మనలో మనం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. ఆధార్ కాపీ అడిగితే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, అది ఆధార్ సైట్‌లోనే ఉంటుంది, చాలాచోట్ల ఒప్పుకుంటారు. నెట్ సెంటర్‌కి వెళ్తే పని అయ్యాక "అన్నా, నా ఫైల్ డిలీట్ చెయ్యి, రీసైకిల్ బిన్‌లో కూడా" అని అడగండి. మొహమాటం వద్దు, అడిగితే చేస్తారు. నెట్ సెంటర్ అన్న రాసిచ్చిన పాస్‌వర్డ్ ఈ రాత్రే మార్చండి. లిస్టులు పంపే సంఘం పెద్దలకి ఒక్కటే విన్నపం, పేరు, కాలేజీ ఉంటే చాలు, ఎవరి లైన్ ఏదో వాళ్ళు గుర్తుపడతారు. ఆఫీసులో పంపిందే ఫార్వర్డ్ చేశాం అనొద్దు. ఆఫీసు వాళ్ళని కూడా అడగాలి. అడగడానికి మనకి భయం, మన స్కాలర్‌షిప్ ఆపేస్తారేమోనని. అందుకే ఒక్కరుగా కాకుండా సంఘం లెటర్‌హెడ్ మీద అడుగుదాం. డ్రాఫ్ట్ యూనికోడ్‌లోనే రెడీ చేశాం, కావాలన్నవాళ్ళు కామెంట్ పెట్టండి. లినక్స్ పెన్‌డ్రైవ్ కూడా మా దగ్గరుంది, పక్క హాస్టళ్ళ వాళ్ళు ఏ ఆదివారమైనా పిలవండి, ఇద్దరం ముగ్గురం వస్తాం. బస్సు చార్జీలు పెట్టుకోండి, అంతే.

అడ్మిన్ అన్నకి, ఆ పీడీఎఫ్ ఇంకా గ్రూపులోనే ఉంది. పైకి స్క్రోల్ చేస్తే కనిపిస్తుంది. దయచేసి ఇప్పుడే తీసెయ్యండి.