తొంభై నంబరు మీద గుడ్డి నమ్మకం

లారీ గేర్‌బాక్సుకు పనికొచ్చే 90 నంబరు ఆయిల్ ఇంటి షెడ్డులోని లేత్ మిషనుకూ పనికొస్తుందన్న నమ్మకం ఎంతగా పాతుకుపోయిందంటే, బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పాత లేత్ కొని తెచ్చుకున్నవారు, దాని హెడ్‌స్టాక్‌లో, అంటే స్పిండిల్‌ను తిప్పే గేర్ల పెట్టెలో, అంతకుముందు ఏ ఆయిల్ ఉండేదని అడగకుండానే, స్పేర్ పార్టుల దుకాణంలో ఇచ్చిన 90 డబ్బాను అందులో ఒంపేస్తున్నారు. మంచి యంత్రాలు వాటి కాలం రాకముందే పాడవడానికి ఈ అలవాటు ఒక ముఖ్య కారణమని నిర్మొహమాటంగా చెప్పవలసి ఉంది.

పొరపాటు నంబర్ల దగ్గరే మొదలవుతుంది. ప్రవహించేటప్పుడు ఆయిల్ చూపే నిరోధాన్ని, అంటే దాని చిక్కదనాన్ని, స్నిగ్ధత అంటారు; పారిశ్రామిక ఆయిళ్లలో దీనిని 40 డిగ్రీల సెల్సియస్ వద్ద సెంటీస్టోకులలో కొలిచి, ఐఎస్ఓ వీజీ 32, 68, 220 అంటూ ఆ అంకెనే గ్రేడుగా డబ్బా మీద ముద్రిస్తారు. వాహనాల ఆయిళ్లకు వర్తించే ఎస్ఏఈ పద్ధతిలో ఇంజన్ ఆయిల్‌కు ఒక వరుస, గేర్ ఆయిల్‌కు మరొక వరుస ఉండడం వల్ల, గేర్ ఆయిల్ 90 చిక్కదనంలో ఇంజన్ ఆయిల్ 40, 50 గ్రేడుల సరసన నిలుస్తుందే తప్ప వాటికి రెట్టింపు కాదు. అయినా అది సుమారు వీజీ 150 నుంచి 220 దాకా తూగుతుంది గనుక, 32 నుంచి 68 మధ్య గ్రేడు చాలిన చిన్న హెడ్‌స్టాక్‌లో దానిని పోస్తే, ఆయిల్‌ను చిలకడానికే మోటారు శక్తి ఖర్చయి, ఆ శక్తి వేడిగా మారి స్పిండిల్ బేరింగులకు చేరుతుంది.

రసాయనాల సంగతి ఇంకా తీవ్రమైనది. లారీల వెనుక ఇరుసులో ఉండే హైపాయిడ్ గేర్లలో పళ్లు ఒకదానిమీద ఒకటి బలంగా జారుతాయి కాబట్టి, ఆ ఒత్తిడికి లోహం అంటుకుపోకుండా గంధకం, భాస్వరం కలిసిన పదార్థాలను 90 నంబరులో దొరికే జీఎల్-5 తరగతి గేర్ ఆయిల్‌లో దండిగా కలుపుతారు. లేత్ హెడ్‌స్టాక్‌లోని సాదా గేర్లకు అంత ఒత్తిడి ఉండదు. పైగా చురుకైన గంధకం, పనిముట్టును జరిపే గేర్లుండే ఏప్రాన్‌లోని కంచు వర్మ్ వీల్‌ను, ఇత్తడి బుష్‌లను నెమ్మదిగా తినేస్తుంది. 90 బదులు ఇంజన్ ఆయిల్ పోద్దామంటే దానితో చిక్కు మరొక రకం: అందులోని డిటర్జెంట్ మురికిని అడుగున పేరుకోనివ్వక ఆయిల్‌లోనే తేలియాడిస్తుంది, ఇంజన్‌లో ఫిల్టరు దానిని పట్టుకుంటుంది, ఫిల్టరు లేని లేత్‌లో మాత్రం అది గేర్ల పళ్ల మధ్యకే తిరిగి తిరిగి వస్తుంది. సర్వోసిస్టమ్ 68, ఎన్‌క్లో 68 వంటి హైడ్రాలిక్ ఆయిళ్లు మార్కెట్టులో దొరుకుతుండగా ఈ రెండు అవస్థలూ పడనవసరం లేదు. మే నెల ఎండకు షెడ్డు 44 డిగ్రీలకు చేరినా 68 గ్రేడు కొంత పలచబడుతుందే గాని పని మానదు.

బయటికి కనిపించే చేంజ్ గేర్లకు గ్రీజు దట్టించడమూ మానుకోవాలి, ఎందుకంటే పోత ఇనుము రజను గ్రీజులో చిక్కుకుని పళ్లను అరగదీస్తుంది. వాటిని తుడిచి, బెడ్ మీది జారుడు పట్టాలకు వాడే వే ఆయిల్‌నే బ్రష్‌తో పలచగా రాస్తే చాలు.

అయితే కొన్నవారిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. ఏ రంధ్రంలో ఏ ఆయిల్ పోయాలో తెలిపే చిన్న లోహపు ప్లేటును చాలామంది తయారీదారులు యంత్రానికే బిగించి పంపుతారు. పాత లేత్‌కు ముస్తాబు చేసి అమ్మేవారు పుట్టీ పెట్టి, రంగు కొట్టి, ఆ ప్లేటును రంగు కిందే కప్పెడుతున్నారు. మాన్యువల్ అప్పటికే ఎక్కడో పోయి ఉంటుంది, దొరికినా అది ఇంగ్లీషులో ఉంటుంది. తెలుగు మాధ్యమంలో చదివి ఐటీఐలో టర్నర్ పని నేర్చిన మనిషికి దానిని చదివిపెట్టే నాథుడు ఉండడు. బెడ్‌కు పెట్టిన మెరుగు చూపి ధర పెంచే వ్యాపారికి, వీజీ 68 అని ఆయిల్ మూత పక్కన తెలుగులో రాయించడం పెద్ద ఖర్చు కాదు, ఆ రాత కనిపించేదాకా కొనేవారు పూర్తి సొమ్ము చెల్లించకూడదు.