“వరకు” అను చిన్నమాట

సెకనుకు 100 మెగాబిట్లని చాటి, రాత్రి తొమ్మిది గంటలకు ముప్పదియే యిచ్చి, నెల తిరుగగానే నూటికిని రుసుము పుచ్చుకొనుట వర్తకమా, వంచనయా? తూకము తగ్గించిన దుకాణదారుని శిక్షించుటకు చట్టము గలదు. ఫైబర్ ఇంటర్నెట్టు వేగమును తగ్గించి యిచ్చువానికి మాత్రము “వరకు” అను చిన్నమాటయే కవచమైనది. “100 మెగాబిట్ల వరకు” అన్నచో పదియు నందులోనిదే గదా!

లోపము గాజుతీగెది కాదు. అందు కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పరువెత్తును. లోపమంతయు పంపకములోనే యున్నది. విరివిగా వాడుకలోనున్న జీపాన్ పద్ధతిలో ఒక్క తీగెపై వచ్చు 2,488 మెగాబిట్లను 32 ఇండ్లకో, 64 ఇండ్లకో పంచుదురు. 64 ఇండ్లవారును ఒక్కమారే నిండుగా వాడినచో ఇంటికి 39 దాటదు. పంచుకొనుట తప్పని మేమనము. అందరును ఒకే క్షణమున వాడరు గనుకనే యీ సేవ సామాన్యునకు అందుబాటులో నున్నది. కాని కంపెనీ తన కేంద్రమునుండి వెలుపలి ప్రపంచమునకు వేసికొనిన దారిని వెడల్పు చేయకయే చందాదారులను చేర్చుకొనుచు పోవుట, చెరువులో నీరు పెరుగకయే ఆయకట్టు పెంచి, అందరివద్దను నిండు శిస్తు వసూలు చేయుట వంటిది.

“తప్పు మీ యింటిలోనిదే” యని కంపెనీలవారి జవాబు. కొంత నిజమే. గోడల చాటున వైఫై బలహీనపడును. పాత రౌటరు కొన్ని 100 మెగాబిట్లకు మించి పంపజాలవు. అయితే రౌటరునకు తీగె తగిలించి కొలిచినను, ఉదయము నిండుగానుండు వేగము ప్రతిరాత్రియు కుంగిపోవుచున్నచో గోడలను నిందింపనేల? పగలు లేని గోడ రాత్రి మొలచునా?

2006లో ట్రాయ్ చేసిన, 2024 వరకు అమలులో నుండిన నిబంధన చందా వేగములో నూటికి 80 వంతులకు మించి యందవలెనన్నది. కాని యా కొలత కంపెనీ కేంద్రమునుండి ఇంటివరకే యుండెను! ఇరుకు ఆ కేంద్రమునకు ఆవల నున్నచో ఆ కొలబద్దకు చిక్కకుండెను. బ్రిటనులోనో, 2018 మే నుండి ప్రకటనలో చెప్పు వేగము రాత్రి 8 మొదలు 10 గంటల నడుమ కనీసము సగముమంది చందాదారులకు అందితీరవలెను. అచ్చటి గృహస్థునకు దక్కిన న్యాయము మన గృహస్థునకు దక్కరాదా? ఇది వినోదముమాత్రపు విషయము కాదు. రాత్రి పాఠములు వినవలసిన విద్యార్థియు, ఇంటినుండి పనిచేయు ఉద్యోగియు ఈ వేగమునే నమ్ముకొని యున్నారు.

కావున మా కోరిక స్పష్టము. “వరకు” పోవలెను. రాత్రివేళ సగముమందికైనను అందు వేగమునే ప్రకటింపవలెను. ఒక్క తీగెను ఎన్ని యిండ్లు పంచుకొనుచున్నవో చెప్పవలెను. వేగము తగ్గినచో రుసుమును తగ్గవలెను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనలను శిక్షార్హము చేసినది, దానిని అమలుపరుపవలెను.

చందాదారులారా! వారము దినములు రాత్రివేళ తీగెతో కొలిచి, అంకెలు వ్రాసి యుంచుడు. ఫిర్యాదు చేసి, దాని సంఖ్యను అడిగి పుచ్చుకొనుడు. కొలిచి పుచ్చుకొనువానికే వర్తకుడు కొలిచి యిచ్చును.