ఆయాసం మామూలే అంటున్నావా అన్నా?

శుక్రవారం సెలవు. రూంలో వండుకుని తిని, ఇంటికి వీడియో కాల్ చేస్తావు. ఏడో నెల కడుపుతో ఉన్న నీ భార్య "పడుకుంటే ఊపిరి ఆడట్లేదు, రాత్రంతా లేచి కూసుంటున్నా" అంటది. పక్క నుంచి అమ్మ "కడుపన్నాక మామూలే, మేం కనలేదా?" అంటది. నువ్వు "సరే, జాగ్రత్త" అని ఫోన్ పెట్టేస్తావు.

ఇది తప్పు అన్నా. అమ్మ కన్నది నిజమే. కానీ అందరి గుండె ఒక్క తీరుగ ఉండదు.

కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం పెరుగుతుంది. గుండెకు అంత పని ఎక్కువ. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ల జ్వరం వచ్చి వాల్వు దెబ్బతిన్న గుండె దాన్ని తట్టుకోలేదు. ఈ జబ్బు చాలామందికి కడుపు వచ్చాకే బయటపడుతుంది.

మెట్లెక్కితే కొంచెం ఆయాసం రావడం వేరు. పడుకోలేకపోవడం, రాత్రి ఊపిరాడక లేవడం, ఛాతీలో నొప్పి, ఆగని దడ, కళ్లు తిరిగి పడిపోవడం వేరు. ఇవి ఉంటే ఆ రోజే ఆస్పత్రికి పోవాలె. 108కి ఫోన్ చేయించు. ఎకో పరీక్ష అడగమను. అది కడుపు స్కానింగ్ లాంటిదే, బిడ్డకు హాని లేదు.

ఇంకో మాట. పెళ్లి చెడుతుందని గుండె ఆపరేషన్ సంగతి దాచిన పుట్టింటివాళ్లు ఉన్నారు. తెలిస్తే పంపించేస్తారని దొంగచాటుగా మాత్రలు మానేసిన కోడళ్లు ఉన్నారు. వాళ్లకు ఆ భయం పెట్టింది ఎవరు? మనమే. "ఏమున్నా చెప్పు, నేనేమీ అనను" అని నువ్వే అడుగు. రక్తం పలచబడే మాత్రలు, బీపీ మాత్రలు కొన్ని బిడ్డకు పడవు. వాటిని డాక్టరే మార్చాలి. సొంతంగా ఆపితే తల్లి ప్రాణానికే ముప్పు.

శ్రీమంతానికి అప్పు చేసైనా పంపుతాం. పరీక్ష అంటే "వచ్చే నెల చూద్దాం" అంటాం. ప్రతి నెల 9న సర్కారు ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తారు. ఆశా కార్యకర్తను అడగమను.

కాన్పు అయిపోయింది కదా అని వదలొద్దు. తర్వాత ఐదు నెలల దాకా కూడా కొందరికి గుండె బలహీనపడుతుంది. అప్పుడు వచ్చే ఆయాసం, కాళ్ల వాపు బాలింత నీరసం అనుకోవద్దు.

ఇంట్లో నీ డబ్బుకే కాదు, నీ మాటకూ విలువ ఉంది. "ముందు డాక్టర్‌కు చూపించండి" అనే మాట ఈ రోజే చెప్పు.

రూంలో చదువు రానివాళ్లకు చదివి వినిపించండి.