కడెం... చిన్న నది, పెద్ద వరద

వానలు మొదలయ్యాయంటే చాలు, ఉస్మానియా హాస్టళ్లలో, తార్నాక టీకొట్ల దగ్గర కుర్రకారు నోట వినిపించే పేరు కుంటాల! హైదరాబాద్‌కు దాదాపు 260 కిలోమీటర్ల దూరంలో, నేరడిగొండ దగ్గర అడవిలో సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకే జలపాతమది. ఫొటోలు దిగి వచ్చేస్తారు సరే, అలా దూకిన నీళ్లు ఎటు పోతాయో ఎప్పుడైనా ఆలోచించారా?

ఆ నది పేరు కడెం. ఆదిలాబాద్ జిల్లా బోథ్ ప్రాంతపు కొండల్లో పుట్టి, టేకు అడవుల గుండా ప్రవహించి, నిర్మల్ జిల్లా దాటే లోపే గోదావరిలో కలిసిపోతుంది. ఎండాకాలంలో చూస్తే బండరాళ్ల మధ్య సన్నటి పాయ. అదే ముసురు పట్టిందా... చుట్టూ ఉన్న కొండల మీద పడిన వానంతా వాగులై గంటల్లోనే ఇందులోకి దిగుతుంది. నీళ్లు నిదానించడానికి మైదానం లేదు మరి. కుంటాల గుండంలో ఈతకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

ఈ నది తత్వం కడెం ప్రాజెక్టుకు బాగా తెలుసు. 1949లో పని మొదలుపెడితే, 1958 వరదకు కట్ట తెగిపోయింది. గేట్లు పెంచి 1965 నాటికి మళ్లీ కట్టారు. ఇప్పుడున్నవి 18 గేట్లు. అయినా 2022 జులైలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిపడింది. గేట్లు వదలగలిగే దానికంటే అది చాలా ఎక్కువ. అందులోనూ ఒక గేటు మొరాయించింది. దిగువ ఊళ్లవాళ్లు పిల్లాపాపలతో ఇళ్లు వదలాల్సి వచ్చింది. అదృష్టం... కట్ట నిలిచింది.

మరో చిక్కు పూడిక. కట్టినప్పుడు 7.6 టీఎంసీలు పట్టే జలాశయం ఇప్పుడు 5 టీఎంసీలు కూడా పట్టదు. ఎగువన చెట్టు నరికితే మట్టి కొట్టుకొచ్చేది ఇక్కడికే. 2012లో ఏర్పడిన కవ్వాల్ పులుల అభయారణ్యం పచ్చగా ఉంటే మేలు పులులకే కాదు, ఈ నదికీ!

అడవి సంగతి మనకెందుకంటారా? కడెం కలిసిన గోదావరి కిందికి పారి ఎల్లంపల్లికి చేరుతుంది. 2015 చివరి నుంచి హైదరాబాద్ కుళాయిలకు గోదావరి నీళ్లు వస్తున్నది అక్కణ్నుంచే. ఈసారి కుళాయి తిప్పినప్పుడు ఆ టేకు అడవిని ఒక్కసారి తలుచుకోండి!