సింగపూర్ నిల్వలు, మన పిల్లల కొలువులు

సింగపూర్‌లో 2025 మే 3న ఎన్నికలు ముగిశాయి. 1959 నుంచి అధికారంలో ఉన్న పీపుల్స్ యాక్షన్ పార్టీ 97 స్థానాల్లో 87 గెలిచింది. 2020లో 61 శాతం దగ్గర ఆగిన ఓట్ల వాటా ఈసారి 65 శాతం దాటింది. ఒక చిన్న దీవి ఎన్నిక సంగతి ఈ పేజీలో ఎందుకని పాఠకులు అడగవచ్చు. అక్కడి నుంచి నెలనెలా వచ్చే డబ్బుతో పొయ్యి వెలిగే ఇళ్ళు మన సంఘాల్లో ఉన్నాయి. అందుకే రాస్తున్నాము.

సింగపూర్‌కు పెద్ద పొలాలు లేవు, గనులు లేవు. తాగే నీటిలో కొంత కూడా మలేషియా నుంచే వస్తుంది. చిప్‌లు, మందులు, శుద్ధి చేసిన చమురు అమ్మి, ఓడరేవు నడిపి బతుకుతుంది. దాని ఎగుమతి దిగుమతుల విలువ జాతీయోత్పత్తికి మూడు రెట్లు పైనే. అంటే లోకం కొంటేనే దానికి పని. 2025 ఏప్రిల్‌లో అమెరికా విధించిన 10 శాతం సుంకం సింగపూర్‌కూ తగిలింది. 2004 నుంచి రెండు దేశాల మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉంది. పైగా అమెరికాయే సింగపూర్‌కు ఎక్కువ అమ్ముతుంది. అయినా మినహాయింపు దొరకలేదు. ప్రపంచ వృద్ధి 2025లో 2.8 శాతానికి తగ్గుతుందని అంతర్జాతీయ ద్రవ్య నిధి అప్పట్లో చెప్పింది. సరుకుల వాణిజ్యం పెరగకపోగా కొద్దిగా తగ్గుతుందని ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పట్లో అంచనా వేసింది. సింగపూర్ ప్రభుత్వం కూడా 2025కు తన వృద్ధి అంచనాను 1 నుంచి 3 శాతం ఉన్నదాన్ని అప్పట్లో 0 నుంచి 2 శాతానికి దించుకుంది.

ఇలాంటి దెబ్బ ఆ దేశానికి కొత్త కాదు. 2008లో ప్రపంచమంతా కుదేలైనప్పుడు ఆసియాలో మొదట మాంద్యంలోకి జారింది సింగపూరే. 2009 జనవరిలో ప్రభుత్వం బడ్జెట్‌ను ముందుకు జరిపి, పాత ప్రభుత్వాలు దాచిన నిల్వల నుంచి మొదటిసారి 490 కోట్ల సింగపూర్ డాలర్లు తీయడానికి అధ్యక్షుడు ఎస్.ఆర్. నాథన్ అనుమతి పొందింది. ఆ ఖజానాకు రెండు తాళాలు. ఒకటి మంత్రివర్గం దగ్గర, రెండోది ప్రజలు ఎన్నుకున్న అధ్యక్షుడి దగ్గర. ఆ డబ్బుతో యజమానులకు ఒక్కో ఉద్యోగి జీతంలో మొదటి 2,500 డాలర్లపై 12 శాతం తిరిగి ఇచ్చారు. మనుషుల్ని తీసేయకుండా ఉంచుకోవడానికి ఇచ్చిన సాయం అది. 2010లో ఆ దేశం 14 శాతానికి పైగా పెరిగింది.

రాజకీయం మాత్రం ఈ లెక్కను తిరగేసి చూపుతుంది. 2001లో మాంద్యం మధ్య జరిగిన ఎన్నికల్లో అధికార పార్టీకి 75 శాతం ఓట్లు పడ్డాయి. అంత వృద్ధి సాధించాక జరిగిన 2011 ఎన్నికల్లో 60 శాతమే వచ్చాయి, విదేశాంగ మంత్రి కూడా ఓడిపోయాడు. పదేళ్ళలో జనాభా 40 లక్షల నుంచి 50 లక్షలకు పెరిగింది. ఇళ్ళ ధరలు, రైళ్ళలో రద్దీ, బయటివాళ్ళ పోటీ జనానికి కంటగింపయ్యాయి. భయం ఉన్నప్పుడు జనం తెలిసిన పాలకుణ్ణే పట్టుకుంటారు, భయం తీరాక మనసులోని అసంతృప్తి బయటపెడతారు. ప్రధాని లారెన్స్ వాంగ్‌కు ఈసారి దక్కిన ఓట్లలో కొంత ఆ భయం ఫలమేనని మా అభిప్రాయం. 2011 అనుభవం ఆయన పార్టీకి గుర్తుంటుంది. కొలువులు తగ్గితే ముందు ఎవరిని కాపాడుతుందో ఊహించడం కష్టం కాదు.

మన బాధ ఇక్కడే మొదలవుతుంది. 2009 నాటి సాయాన్ని మన ప్రావిడెంట్ ఫండ్ లాంటి సీపీఎఫ్ ఖాతాల ఆధారంగా లెక్కగట్టారు. ఆ ఖాతాలు పౌరులకు, శాశ్వత నివాసులకే ఉంటాయి. వర్క్ పర్మిట్ మీద వెళ్ళినవాడు ఆ లెక్కలోకే రాలేదు. 2020లో కోవిడ్ ఏడాది స్థానికుల ఉద్యోగాలు దాదాపు 15 వేలు పెరిగితే, విదేశీయులవి సుమారు 1,80,000 తగ్గాయి. సరిహద్దులు మూసేయడం అందుకు ఒక కారణమే. అయినా దెబ్బ ఎటు పడిందో అంకెలే చెబుతున్నాయి. తన ఓటర్లను కాపాడుకున్నందుకు ఆ ప్రభుత్వాన్ని తప్పుపట్టలేము. అక్కడ ఓటు లేని మనవాడి సంగతి ఎవరు చూడాలన్నదే మా ప్రశ్న.

మన దేశపు ఏర్పాటు కూడా ఇక్కడ పలచనే. పదో తరగతి పాసవని కార్మికుడు గల్ఫ్‌కో మలేషియాకో పనికి వెళ్ళాలంటే వలస అనుమతి తీసుకోవాలి. అలాంటి 18 దేశాల జాబితాలో సింగపూర్ లేదు. అందువల్ల ఏజెంట్ మాటే చాలా ఇళ్ళలో ఆధారమవుతోంది.

అయితే అందరి పనికీ ఒకేలా ముప్పు లేదు. చాంగీ విమానాశ్రయం అయిదో టెర్మినల్‌కు 2025 మే 14న శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వ ఇళ్ళ నిర్మాణమూ సాగుతోంది. కట్టడం పనిలో ఉన్నవారికి కొంత ధీమా ఉంది. చిప్‌లు, మందుల మీద అమెరికా విడిగా సుంకం వేస్తే ఆ ఫ్యాక్టరీలలో, సరుకు రవాణాలో ఉన్నవారికి గండం. 2025 జూలై 1 నుంచి వర్క్ పర్మిట్ మీద ఇన్నేళ్ళే పనిచేయాలన్న పరిమితి తీసేశారు, వయసు గడువు 63కు పెంచారు. ఇది మంచి కబురే. కానీ పర్మిట్ యజమానితో ముడిపడి ఉంటుంది కాబట్టి, ఆర్డర్లు ఆగిపోతే ఈ సడలింపు కొలువును నిలబెట్టదు.

అందుకే ఈ ఏడాది పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులకు మా మనవి. పొలం తాకట్టు పెట్టి ఏజెంటుకు డబ్బు కట్టకండి. బయలుదేరే ముందే జీతం, కోతలు రాసి ఉన్న అనుమతి పత్రం కార్మికుడికి అర్థమయ్యే భాషలో అందాలి. అది చేతికి రానిదే విమానం ఎక్కనివ్వకండి. ప్రభుత్వానికి కట్టే లెవీ యజమాని బాధ్యత. దాన్ని జీతంలోంచి కోయడం అక్కడి చట్టం ప్రకారం నేరం. ఇప్పటికే అక్కడ ఉన్నవారి ఇళ్ళలో కనీసం ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టి, ఆ తర్వాతే కొత్త గది, కొత్త బండి సంగతి ఆలోచించండి. కాపరులు ఈ నాలుగు మాటలు ఆదివారం కూడికలో ప్రకటనలతో పాటు చదివి వినిపించాలని కోరుతున్నాము.