రెండవ దీపమునకు అనుమతిపత్రమా?

సొంత విమానము కలవారు మా పాఠకులలో ఒక్కరైనను ఉందురని మేము తలంచుట లేదు. అయినను అమెరికాదేశమున చిన్న విమానముల యజమానులకును వారి ప్రభుత్వమునకును నడుమ పెక్కేండ్లు నడచిన యొక వివాదమును నేడు ప్రస్తావింపబూనితిమి. ఏలయన, అందు నిజముగా విచారణకు వచ్చినది విమానము కాదు. శాసనము మనుష్యుని ప్రాణమును కాపాడుటకు పుట్టినదా, తన కాగితములను కాపాడుకొనుటకు పుట్టినదా అనునదియే అచటి ప్రశ్న. ఏ కచేరీ గుమ్మమైనను ఒక్కసారి త్రొక్కినవానికి ఆ ప్రశ్న క్రొత్తది కాదు.

మేఘములో జొచ్చిన చోదకునికి కన్నులు పనికిరావు. అంతకంటె ఘోరమేమనగా, తన శరీరమే తనకు అబద్ధము చెప్పును. లోచెవిలోని ద్రవము మెల్లని మలుపును కనిపెట్టజాలదు. విమానము ఒరిగి దిగిపోవుచుండగా తాను సమముగా పోవుచున్నాననియే అతడు నమ్మును. పరికరములను మాత్రమే చూచి నడుపుటలో శిక్షణ లేని 20 మంది చోదకులకు బయటి దృశ్యము కనబడకుండ జేసి ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు జరిపిన పరీక్ష 1954లో ప్రకటితమైనది. ఇరువదిమందియు విమానమును అదుపు తప్పించిరి. అందులకు సగటున పట్టిన కాలము 178 సెకనులు!

ఇట్టి తరుణమున చోదకునికి దిక్కు ఎదుటి పలకలోని కృత్రిమ క్షితిజము. నేల యేది, ఆకాశమేది, రెక్క యెటు ఒరిగినది అని చూపు పరికరమది. దాని లోపల బొంగరమువలె తిరుగు చక్రమొకటి కలదు. పాతకాలపు చిన్న విమానములలో ఆ బొంగరమును త్రిప్పునది ఇంజనుచే నడచు గాలిపంపు. పంపు చెడినచో బొంగరము వెంటనే ఆగదు; మెల్లగా వేగము తగ్గి, మెల్లగా ప్రక్కకు వాలును. ఆగిపోయిన గడియారమును ఎవడును నమ్మడు. వెనుకబడుచున్న గడియారమే రైలు తప్పించును. ఇదియు అట్టిదే.

2000 అక్టోబరు 16వ తేదీ రాత్రి మిస్సోరి రాష్ట్ర గవర్నరు మెల్ కార్నహాన్ ఎక్కిన సెస్నా 335 విమానము కూలి అందలి ముగ్గురును మరణించిరి. విమానము నడిపినవాడు గవర్నరు కుమారుడే. తన యెదుటి కృత్రిమ క్షితిజము చెడినదనియు, కుడిప్రక్క ఆసనము ముందున్న దానిని చూచి నడుపుచున్నాననియు అతడు నేలమీది అధికారులకు తెలిపియుండెను. దిక్కుతోచని స్థితిలో చోదకుడు విమానమును అదుపు తప్పించుటయే కారణమనియు, ప్రధానపరికరము చెడుటయు వాతావరణమును తోడైనవనియు రవాణాభద్రతా మండలి తేల్చినది. ఒక్క ప్రమాదమునుబట్టి సిద్ధాంతము చేయుట న్యాయవాదికి తగదు. రెండవ పరికరమున్నను చాలదు, అది చోదకుని కంటి యెదుట నుండవలెను అనుమట్టుకు మాత్రము ఇందు తెలియుచున్నది.

ఈ శతాబ్దపు తొలియేండ్లలో వాషింగ్టను రాష్ట్రపు డైనాన్ మున్నగు సంస్థలు, అరచేతిలో ఇముడునంతటి ఎలక్ట్రానిక్ పరికరములను తయారుచేయసాగినవి. వానికి గాలిపంపు అక్కరలేదు. విమానపు విద్యుత్తు పోయినను తమలోని బాటరీతో కొంతసేపు పనిచేయగలవు. ధ్రువపత్రము గల పరికరములతో పోల్చినచో వాని వెల బహుస్వల్పము. తన విమానమును తానే ముఖ్యభాగము కట్టుకొన్నవాడు వానిని నిరాటంకముగా బిగించుకొనెను. కర్మాగారమునుండి వచ్చిన సెస్నా 172 కొన్నవాడో? అతడు బిగింపరాదు! ఇద్దరి ఆకాశమును ఒక్కటే, మేఘమును ఒక్కటే, లోచెవియు ఒక్కటే. ఒక్కటి కానిది పత్రము.

శాసనమేమనుచున్నదో చూతము. అమెరికా నిబంధనలలో విమానయోగ్యతకు రెండు అంగములు కలవు: విమానము ఆమోదితమైన తన నమూనాకు సరిపడియుండవలెను, సురక్షితముగా ఎగురదగిన స్థితిలో నుండవలెను. రెండవది దేహమునకు సంబంధించినది, మొదటిది కాగితమునకు సంబంధించినది. పలకలో ఏ వస్తువు బిగించినను నమూనా మారును. మారినచో ఆమోదము కావలెను. అది శాసనము కోరిన పరికరము కాదు, కోరినవన్నియు యథాస్థానమున నుండగా అదనముగా పెట్టుకొన్నది అన్నను చెల్లదు. ఇక విచిత్రమును వినుడు. అదే పరికరమును రబ్బరు గిన్నెతో కిటికీ అద్దమునకు అతికించినచో అది చేతిసామానుక్రింద లెక్క! మేఘములలో పరికరములనుబట్టి పోవునపుడు, దానివలన విమానపు రేడియోలకు అంతరాయము లేదని నడుపువాడు తానే నిర్ణయించుకొన్న చాలును. నాలుగు మరమేకులతో గట్టిగా బిగించిన అక్రమము. కుదుపునకు ఊడి నొసట తగులునట్లు వ్రేలాడదీసిన సక్రమము. దేవుడు వరమిచ్చినను పూజారి ఈయడందురు. ఈ పూజారి వరమిచ్చెను గాని, గుడి బయట నిలుచుండి పుచ్చుకొమ్మనెను.

ప్రతిపక్షమువారి వాదమునందు బలము లేదని మేమనము. వేగమును, ఎత్తును చూపు పరికరములకు బయటి గాలిని తెచ్చు సన్నని గొట్టములు కలవు. క్రొత్తదానికై ఆ గొట్టమును చీల్చి అతుకు వేసినచో, ఆ అతుకు కారినచో, ధ్రువపత్రము గల పాతపరికరమును అబద్ధమే చెప్పును. తీగెలు తప్పుగా వేసిన నిప్పు పుట్టవచ్చును. దిక్సూచి చెంత బిగించిన సూది తప్పవచ్చును. ఇవి అధికారుల బెదరింపులు కావు, నిజములు. అయితే ఈ అపాయములన్నియు దేనివి? బిగింపువి. పరికరము మొగమున ముద్ర లేకపోవుటవలన వీనిలో ఒక్కటియు పుట్టలేదు. అట్లయినచో బిగింపును పరీక్షింపుడు. అది చెడినపుడు తక్కినవానిని చెరచునా అని అడుగుడు. చెరుపదని తేలినపిదప, ప్రాణాధారమైన మొదటి పరికరమునకు పెట్టిన పరీక్షలన్నియు తోడుగా వచ్చినదానికిని పెట్టి, ఆ ఖర్చువలన తోడే లేకుండ జేయుట ఏపాటి భద్రత? చీకటిదారిన పోవు బండివాడు రెండవ లాంతరు కట్టుకొన్నచో, దానికి ముద్ర లేదని ఆర్పించి పంపినట్లున్నది.

ఇంతమాత్రమున, ఎవరికిని తెలియకుండ బిగించుకొని లాగుబుక్కులో ఒక్క ముక్కయు వ్రాయని పెద్దమనుష్యుల పక్షము మేము వహించితిమని ఎవరును అనుకొనరాదు. వారిలో కొందరు తాము దుష్టశాసనమును ధిక్కరించుచున్నామని మీసము దువ్వుచుందురు. ఇది ధిక్కారము కాదు, దొంగతనము. 1930లో మన పెద్దలు ఉప్పు వండినది పదిమంది చూచుచుండగా, పోలీసువారికి ముందుగా తెలిపి. శిక్షకు తమ వీపులనే ఒడ్డిరి. ఈ రహస్యపు బిగింపునకు శిక్ష యెవరిపై పడును? ఏటేట తనిఖీచేసి సంతకము పెట్టు మెకానిక్కు లైసెన్సుపై; ఏమియు ఎరుగక ప్రక్కన కూర్చున్న భార్యాబిడ్డలపై; ఆ విమానమును రేపు కొనబోవు అమాయకునిపై. ప్రమాదము జరిగినచో భీమా సంస్థవారికి వాదమొకటి అప్పనముగా దొరకును. ఒరుల వీపులతో చేయు సత్యాగ్రహము మేమెరుగము.

ధర్మమైన మార్గము వేరొకటి కలదు; అది ఫలించినది కూడ. ప్రయోగాత్మక విమానస్థుల సంఘమువారు ఏండ్లతరబడి అర్జీలు పెట్టిరి, లెక్కలు చూపిరి, వాదించిరి. రెక్కపై గాలి తగులు కోణమును చూపు అదనపు పరికరములకు 2014లో దారి సులభమైనది. 2015లో గాలిపంపుతో నడచు పాత క్షితిజములస్థానమున ఎలక్ట్రానిక్ వానిని పెట్టుటకు వెసులుబాటు వచ్చినది. 2016లో ఆ సంఘమువారే డైనాన్ డి10ఏ పరికరమునకు కొన్ని చిన్న సెస్నా, పైపరు విమానములలో బిగించుటకు ఆమోదము సంపాదించిరి. శాసనము కోరకపోయినను భద్రతను పెంచు పరికరములకు ప్రత్యేకముగా ఒక విధానమును ప్రభుత్వము ఆ యేడే ప్రకటించినది. ఇందువలన ఎవడు దేనినైనను బిగించుకొనవచ్చునని కాదు. ఆమోదము నేటికిని కావలసినదే. అయితే ఆమోదించువాడు అడుగు ప్రశ్న మారినది. ఇది చెడినచో ఏమి చెడును, ఇది లేనిచో ఏమి పోవును అని రెండును కలిపి తూచుచున్నారు. పదునైదేండ్లక్రిందటనే అడుగదగిన ప్రశ్న ఇది! ఈలోపల మేఘములలో పోయినవారిలో ఎందరికి ఆ తోడు దక్కియుండెడిదో ఎవరు చెప్పగలరు?

ఇక మన సంగతి. విమానములగూర్చి మనకు శాసనము చేసినవారు 1934లో తెల్లదొరలు. దానిక్రింద 1937లో పుట్టిన నియమములే స్వరాజ్యము వచ్చిన పిదపకూడ దశాబ్దములపాటు మనలను పాలించినవి. 2024లో భారతీయ వాయుయాన్ అధినియమ్ అనుపేర క్రొత్తశాసనమైనది. 2025 జనవరి 1నుండి అమలునకు వచ్చినది. పేరు స్వదేశీయమగుట మాకు సంతోషమే. కాని పేరు మార్చుట సులభము, అడుగు ప్రశ్నను మార్చుట కష్టము. ముంబయిలో ఒక చోదకుడు తన మేడకప్పుపై విమానమును కట్టి, దాని రిజిస్ట్రేషను పత్రముకొరకు ఏండ్లతరబడి తిరిగి 2017లో పొందినకథ పత్రికలు చదువువారెల్లరకు తెలిసినదే. విమానము కట్టుటకంటె పత్రము కట్టుట కష్టమైన దేశమున, రెండవ పరికరమునకు అనుమతి అడుగ ఎవనికి ధైర్యము వచ్చును?

మన దేశమున ఇట్టి విమానములు బహుకొద్ది. అందుచే ఇది తొందరపని కాదని కొందరందురు. కొద్దిగా నున్నపుడే నియమము వ్రాయుట సుళువు. మన ఫ్లయింగు క్లబ్బులలో చిన్నవిమానములెక్కి విద్య నేర్చుకొను మన బిడ్డలకు మాత్రము ఇది చిన్నసంగతి కాదు. డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ సివిల్ ఏవియేషన్ వారిని మేము కోరునది ఇది. శాసనము కోరని అదనపు పరికరమునకు వేరొక తరగతి నేర్పరుపుడు. బిగింపును లైసెన్సు గల ఇంజనీరు పరీక్షించి లాగుబుక్కులో వ్రాయవలెననుడు. పాతగొట్టములను, పాతతీగెలను తాకినచో మాత్రమే పైకచేరీకి పంపుడు. పంపిన దరఖాస్తునకు ఇన్ని దినములలో జవాబీయవలెనని గడువు విధింపుడు. కొత్తనియమముల ముసాయిదా ప్రజాభిప్రాయమునకు పెట్టినప్పుడెల్ల ఫ్లయింగు క్లబ్బులవారు ఈ నాలుగు మాటలను సంతకములతో పంపవలెను. అర్జీ ముసాయిదా కావలసినవారు మా కార్యాలయమునకు వ్రాసినచో ఉచితముగా పంపగలము.