బదిలీ మనిషి

మొన్న ఒక ఆదివారం రాత్రి మా చాల్ వరండాలో పిల్లలు ఇంగ్లండువారి ఫుట్‌బాల్ చూస్తున్నారు. మా మనుమడికి కోపం వచ్చినది. "చూడు తాతా, పోయిన ఆటలో రెండు గోల్స్ కొట్టినోణ్ణి ఇయ్యాల బయట కూర్చోబెట్టిండ్రు!" అన్నాడు. పక్క గది పెద్దాయన నవ్వి, "అయితే బదిలీవానికి పని దొరికిందన్నమాట" అన్నాడు. పిల్లలకు ఆ మాట తెలియలేదు. మాకు మాత్రం గుచ్చుకొన్నది.

మిల్లులు నడిచిన రోజులలో బదిలీ అంటే తెలియని తెలుగు ఇల్లు కామాఠీపురాలో లేదు. పాళీ మొదలుకాకముందే డబ్బా పట్టుకొని మిల్లు గేటు వద్ద నిలబడవలెను. ఎవరైనా రాకపోతే వారి సాంచా దొరికేది. అందరూ వస్తే, విప్పని డబ్బాతో ఇంటిదారి. ఆ డబ్బాను తిరిగి అందుకొనే ఇల్లాలు ఏమీ అడిగేది కాదు. ఏళ్ల తరబడి అట్లా నిలబడినవారున్నారు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో బదిలీవారిని పర్మనెంటు చేయాలన్న కోరిక కూడా వుండినది.

మరి ఫుట్‌బాల్‌లో మంచి ఆటగాణ్ణి కూర్చోబెట్టడం ఎందుకు? ఒళ్లు ఇనుము కాదు గనుక. 2022-23లో మాంచెస్టర్ సిటీ 61 ఆటలు ఆడి మూడు పెద్ద కప్పులు గెలిచినది. అన్ని ఆటలు ఒకే 11 మందితో ఆడితే కండరాలు తెగును. అట్లని రోజుకొక జట్టును దింపితే ఒకరి అడుగు ఒకరికి తెలియదు. 2015-16లో లెస్టర్ సిటీ చాలా తక్కువ మార్పులతోనే లీగు గెలిచినది. అయితే ఐరోపా పోటీలు లేని ఆ జట్టు ఆ యేడు ఆడినవి మొత్తం 43 ఆటలే. మార్పు మంచిదా, చెడ్డదా అన్నది ఆటల లెక్కను బట్టి వుండును.

ఈ విద్య మనవారికి కొత్త కాదు. 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు మన కూపరేజ్ మైదానంలో రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు గురువు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1962 జకార్తా ఏషియన్ ఆటలలో భారత జట్టుకూ ఆయనే గురువు. వెనుక కాపలా కాచే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలినది. రహీమ్ ఆయనను ముందుకు పంపి గోల్స్ కొట్టించినాడు. సెమీఫైనల్‌లో గోలు కాచిన ప్రద్యుత్ బర్మన్‌ను ఆపి, ఫైనల్‌కు పొడగరి తంగరాజ్‌ను నిలిపినాడు. సెప్టెంబరు 4న దక్షిణ కొరియాపై 2-1తో బంగారు పతకం వచ్చినది. గెలిచిన జట్టులో నుండి తప్పుకొన్న బర్మన్‌కు ఆనాడు ఎట్లా వుండినదో! ఆ పతకంలో ఆయన పాలు తక్కువ అని మాత్రం మేము అనము.

1970కి ముందు ప్రపంచ కప్పులో ఆట నడుమ మనిషిని మార్చే వీలే లేదు. నేడు అయిదుగురిని మార్చవచ్చును. 2022 మార్చి 20న గోవాలో ఐ.ఎస్.ఎల్. ఫైనల్. హైదరాబాద్ ఒక గోలు వెనుకబడి వున్నది. బయటినుండి దిగిన సాహిల్ తావోరా 88వ నిమిషంలో గోలు కొట్టి సమం చేసినాడు. తరువాత పెనాల్టీలలో కప్పు మనదైనది. ఆ యేడు 18 గోల్స్ కొట్టిన ఒగ్బెచే జట్టులో వుండగానే, ఆ ఘడియకు అక్కరకు వచ్చినవాడు బదిలీవాడు.

కాని మిల్లు బదిలీకి, ఆట బదిలీకి భేదమున్నది. గేటు బయట నిలబడినవాణ్ణి ఎవరూ తయారు చేయలేదు. పని లేని నాడు కూలీ లేదు. జట్టులో కూర్చున్నవాడు అందరితోపాటు సాధన చేయును, జీతము తీసుకొనును, తన వంతు వచ్చునని ఎరుగును.

మన సంఘాలలో పండుగకు, పెండ్లికి, సభకు ఎప్పుడూ ఆ నలుగురు పెద్దలే పరుగెత్తుచున్నారు. పడుచువాండ్లు గేటు బయట నిలబడి వున్నారు. పెద్దలు మంచాన పడిన రోజున వారిని పిలిస్తే ఏమి లాభం? చిన్న పనులలో ఇప్పుడే వంతు ఇద్దాము. వంతు ఇచ్చిన పెద్దలు కాసేపు కూర్చుంటే పరువేమీ పోదు. డబ్బా విప్పకుండా ఇంటికి పోయే బాధ మన పెద్దలతోనే తీరిపోవలెను.